ఏడాదంతా ఒకే ఒక్క విదేశీ వంట నేర్చుకోవాలనుంది, దేన్ని పట్టుకోమంటారు?

కూకట్‌పల్లి_కోడలు
జూన్ 8, రాత్రి 10:12

మొన్న ఆదివారం ఫ్రిజ్ కడిగాను. తలుపు అరల్లోని సీసాలన్నీ బయటపెట్టి లెక్కపెడితే పదకొండు. రెండు స్పూన్లు మాత్రమే వాడిన ఆయిస్టర్ సాస్, గడ్డకట్టిన తహినీ, గోచుజాంగ్, ఆలివ్ కాయలు, బాల్సమిక్ వెనిగర్, ఎందుకు కొన్నానో నాకే గుర్తులేని ఒక ఎర్ర సాసు. సగానికి పైగా తేదీ దాటిపోయినవే. వీడియో చూడటం, సీసా కొనడం, ఒకసారి వండటం, మర్చిపోవడం. ఆరేళ్లుగా ఇదే వరస. చేసినవి యాభై రకాలు ఉంటాయేమో గానీ, ఫోను చూడకుండా చేయగలిగింది ఒక్కటీ లేదు.

అందుకని ఏదో ఒక దేశాన్ని పట్టుకుని ఏడాదిపాటు అదే వండుదామనుకుంటున్నాను. పప్పుచారు పెట్టినట్టు కొలత లేకుండా చెయ్యి తిరగాలి. అదీ కోరిక.

ఇంట్లో సంగతి: మావారికి చేప, రొయ్య ఉంటే చాలు. అమ్మాయికి పద్నాలుగేళ్లు, కొరియా తప్ప ప్రపంచంలో ఇంకో దేశం లేదు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు, కానీ కొత్తది ఏది పెట్టినా రుచి చూస్తారు, చూసి వంక పెడతారు. రెండు పొయ్యిల స్టవ్, మిక్సీ, చిన్న రోలు ఉన్నాయి. ఓవెన్ లేదు, కొనే ఉద్దేశం కూడా లేదు. చెప్పండి.

డల్లాస్_దద్దోజనం
జూన్ 8, రాత్రి 11:05

ఇటాలియన్. రెండో మాట లేదు. ఓవెన్ లేకపోయినా సగం ఇటలీ వండొచ్చు. స్పఘెట్టి, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి తునకలు, అంతే, ఆల్యో ఎ ఓల్యో అయిపోయింది. మనిషికి 100 గ్రాముల పాస్తా, దానికి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. వార్చేముందు ఆ గంజి నీళ్లు ఒక గ్లాసు తీసి పక్కన పెట్టుకోవాలి, సాసు పాస్తాకి పట్టేది ఆ గంజివల్లే. ఇక ఉడుకు సంగతి మనవాళ్లకి చెప్పక్కర్లేదు, అన్నం పలుకుగా వార్చడం తెలిసినవాళ్లకి పాస్తా తెలిసినట్టే. మన పెళ్లిళ్లలో వైట్ సాస్ పాస్తా అని పెట్టేది పలుకు దాటి, మెతుకు దాటి, జావ దగ్గరికి వెళ్తుంది, దాన్ని చూసి ఇటలీ మీద అభిప్రాయం ఏర్పరచుకోకండి.

బీటెక్_బ్రహ్మచారి
జూన్ 8, రాత్రి 11:20

గోబీ మంచూరియా నేర్చుకోండి మేడమ్. పేరులో మంచూరియా ఉంది కాబట్టి విదేశీయే.

పప్పుగుత్తి
జూన్ 8, రాత్రి 11:31

ముంబైలో పుట్టిన విదేశం అది. ఇడ్లీ మంచూరియా దాకా వచ్చాక ఆ దేశానికి వీసా కూడా అక్కర్లేదు.

పప్పుగుత్తి
జూన్ 8, రాత్రి 11:38

సీరియస్‌గా అయితే డల్లాస్ గారికి ఒక మాట. ఆవిడ ఇంట్లో పూర్తి శాకాహారి పెద్దావిడ ఉన్నారు. అసలు పార్మిజానో రెజ్జానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వేస్తారు, ఆ చీజ్ నియమమే అది. గొర్రెపాల చీజ్ పెకొరీనోదీ ఇంచుమించు అదే కథ, రెన్నెట్ గొర్రెపిల్లది. చీజ్ తీసేస్తే రోమ్ వంట సగం ఆగిపోతుంది.

కూకట్‌పల్లి_కోడలు
జూన్ 9, ఉదయం 6:50

అమ్మో, ఈ సంగతి తెలీదు. రెండేళ్ల క్రితం ఆవిడకి అదే చీజ్ తురిమి పెట్టాను. ఈ చర్చా దారం ఆవిడ కంట పడకూడదు.

సువోన్_నుంచి_సూర్యాపేట
జూన్ 9, ఉదయం 8:15

మూడేళ్లు కొరియాలో ఉండి వచ్చాను. అమ్మాయి మాట విని కొరియన్ పట్టుకోండి. అన్నం, పక్కన నాలుగు చిన్న గిన్నెల్లో నంజుడు, ఒక పులుసు. మన భోజనంలాగే ఉంటుంది. అత్తగారి గురించి భయపడొద్దు, అక్కడ బౌద్ధ ఆలయాల వంట అని వేరే సంప్రదాయమే ఉంది. మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. కార్తీకమాసానికి సరిగ్గా సరిపోతుంది.

కిమ్చికి, అదే వాళ్ల పులియబెట్టిన క్యాబేజీకి, కారం విషయంలో మాత్రం జాగ్రత్త. గోచుగారు అంటే కొరియా కారప్పొడి, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. వాళ్ల కొలతకి మన గుంటూరు కారం వేస్తే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. బ్యాడిగి మిరపకాయలు గింజలు దులిపేసి బరకగా ఆడిస్తే దగ్గరకొస్తుంది. ఇంకోటి, రెసిపీల్లో రెండు మూడు రోజులు బయట ఉంచమంటారు, అది వాళ్ల చలికి. హైదరాబాద్ మే నెలలో ఒక్క పగలు చాలు, సాయంత్రానికే బుడగలు. మూత బిగించి ఊరెళ్లానొకసారి, వచ్చేసరికి వంటగది గోడంతా ఎర్ర రంగు.

పెసర_పునుగు
జూన్ 9, ఉదయం 9:02

కిమ్చి అంటే ఏముందండీ, కొరియా వాళ్ల ఆవకాయ.

సువోన్_నుంచి_సూర్యాపేట
జూన్ 9, ఉదయం 9:40

ఆ మాట ఇద్దరికీ అన్యాయం. ఆవకాయ నిలవుండేది ఉప్పు, నూనె, ఆవపిండి బలంతో, పులుపు మామిడికాయది. కిమ్చిలో పులుపు పులియబెట్టడం వల్ల పుడుతుంది, నూనె చుక్క ఉండదు. దాన్ని పోల్చాలనుకుంటే చద్దన్నంతో పోల్చండి, పెరుగుతో పోల్చండి. జాడీ ఒకటే అయినా లోపల జరిగే పని వేరు.

మల్లన్న_మెహదీపట్నం
జూన్ 9, మధ్యాహ్నం 1:15

నేనైతే మెక్సికో అంట. రాజ్మా, టమాట, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మకాయ. దుకాణానికి పోవుడే లేదు. కానీ ఒక్క ముచ్చట ముందే చెప్త. మన మక్కపిండితోని వాళ్ల టోర్టియా రొట్టె రాదు. మా అమ్మ మక్క గట్క చేస్తది, రొట్టె గూడ చేస్తది, అది చేత్తోని పట్టుకుంటే విరుగుతది. మెక్సికోల మక్కల్ని సున్నపు నీళ్లల్ల ఉడకబెడ్తరు. కిలో ఎండు మక్కలకు 10 గ్రాముల సున్నం, మూడు లీటర్ల నీళ్లు. తినే సున్నమే, పాన్‌ల రాసేది. ఉడికినంక రాత్రంతా అట్లనే ఇడిసిపెట్టి, పొద్దుగాల పొట్టు పోయేదాంక కడిగి గ్రైండర్‌ల రుబ్బాలె. అప్పుడు పిండి చపాతి పిండి లెక్క సాగుతది, పెనం మీద పొంగుతది. వాసనే వేరే.

సున్నంతోటి లాభం రొట్టెకు ఒక్కదానికే కాదు. మక్కలల్ల ఉన్న నయాసిన్ విటమిన్ మన ఒంటికి అందాల్నంటే ఈ పని చెయ్యాలె. ఇది తెల్వక ఉత్త మక్కలే తిన్న యూరప్, అమెరికా బీదోళ్లకు పెల్లగ్రా రోగం వచ్చింది. మెక్సికో ముసలమ్మలకు వేల ఏండ్ల కిందనే ఎట్ల ఎరికైందో మరి.

స్వీట్ కార్న్‌తోని చెయ్యకుండ్రి. నేను చేసిన. కుక్క గూడ తినలే.

డల్లాస్_దద్దోజనం
జూన్ 9, సాయంత్రం 6:30

ఇక్కడ మాకు ఆ పిండి సంచుల్లో రెడీగా దొరుకుతుంది, మసా హరీనా అని. నీళ్లు కలిపితే చాలు. మల్లన్న గారి కష్టం చూశాక ఆ సంచికి దండం పెట్టాలనిపిస్తోంది.

కొబ్బరికోరు
జూన్ 9, రాత్రి 8:10

థాయ్ ఎవరూ అనలేదేం? రోలు ఉందన్నారు కదా, థాయ్ వంటకి రోలే గుండెకాయ. నిమ్మగడ్డి కుండీలో పెరుగుతుంది. గలంగల్ అంటే భయపడతారు గానీ అది మన ఆయుర్వేదం కొట్లో దొరికే దుంపరాష్ట్రం. వాళ్లు గ్రీన్ కర్రీలో గుత్తులుగా వేసే చిన్న కాయలు మన ఉస్తికాయలే. చిక్కటి కొబ్బరిపాలు ముందు నూనె తేలేదాకా మరిగించి, అందులో రోట్లో నూరిన మసాలా ముద్ద వేయించాలి. కొబ్బరిపాలు విరిగాయి అనుకుని చాలామంది అక్కడే పారబోస్తారు.

ఒకే ఒక్క ఇబ్బంది. బజారు కూరల్లోకెల్లా బజారు కూర, వీధి వీధినా అమ్మే ఆ మాంసం వేపుడు, పాడ్ క్రపావ్. అందులో పడేది తులసి. మన తులసే. కోట దగ్గర దీపం పెట్టే ఇంట్లో, పొద్దున్న నీళ్లు పోసిన మొక్కని సాయంత్రం కోసి మాంసంలో వేస్తానంటే ఏమవుతుందో నేను రాయను.

కూకట్‌పల్లి_కోడలు
జూన్ 9, రాత్రి 9:45

ఏమవుతుందో నాకు తెలుసు. మా పుట్టింటికి ఆటో.

మీరందరూ చెప్పేది వింటుంటే అన్నీ నచ్చుతున్నాయి. అదే నా జబ్బు.

పప్పుగుత్తి
జూన్ 10, ఉదయం 7:20

అయితే ఒక పని చెయ్యండి. ఏ దేశం బాగుంటుందని అడగడం మానేసి, ఒక్కో దేశానికి వారం మెనూ రాయండి. వారానికి నాలుగు పూటలు చాలు. దానికి కొత్తగా ఎన్ని సీసాలు కొనాలో పక్కన అంకె వెయ్యండి. అలాగే ఆ నాలుగు పూటల్లో అత్తగారికి విడిగా వండాల్సినవి ఎన్నో ఇంకో అంకె. నేను ఒకప్పుడు జపాన్ మొదలుపెట్టాను. కొంబు నాచు, ఎండబెట్టి చెక్కిన బొనీటో చేప పొరలు, మిసో, మిరిన్, సాకే, అంటుకునే బియ్యం. ఏ గిన్నె పెట్టాలన్నా ముందు దాషీ కావాలి, అంటే చేప నీళ్లు. శాకాహారులకి కొంబుతో, ఎండు షిటాకే పుట్టగొడుగులతో కాయొచ్చు, అదీ బాగుంటుంది. కానీ నాలుగో వారానికి సరుకులకే జీతం అయిపోయింది. వంట మీద కోపం లేదు, నా చిరునామా తప్పు.

వాల్తేరు_గాలి
జూన్ 10, ఉదయం 11:48

మూడు రోజులుగా చదువుతున్నాను, పక్కింటి దేశం పేరు ఒక్కరూ ఎత్తలేదు. బర్మా.

మా తాతగారు రంగం వెళ్లినవారు. రంగం అంటే రంగూన్, మా వైపు పాతవాళ్లందరూ అలాగే అనేవారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి ఎంతమంది వెళ్లారంటే, అక్కడివాళ్లు తెలుగువాళ్లకి పెట్టిన పేరే కోరంగీలు. 1942లో జపాన్ బాంబులప్పుడు కొందరు నడిచి వచ్చేశారు. మావాళ్లు ఉండిపోయారు. 1962లో నే విన్ గద్దెనెక్కి, తర్వాత కొట్లన్నీ ప్రభుత్వం తీసేసుకున్నాక, 1964లో ఒక ట్రంకు పెట్టెతో ఓడ దిగారు. ట్రంకులో ఏముందో తెలీదు గానీ, మా నానమ్మ చేతిలో మాత్రం బర్మా వంట వచ్చింది. మద్రాసు బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్ వైపు బళ్ల మీద అత్తో అని నూడుల్స్ కలిపి ఇస్తారే, అది కూడా అలా ఓడ దిగినదే.

ఇప్పుడు మీ వంటింటి సంగతి. బర్మా వాళ్లు గోంగూర తింటారు. మనలాగే, మనంత ఇష్టంగా. చిన్ బౌంగ్ అంటారు. ఎండు రొయ్యలు, వెల్లుల్లి, పసుపు, పచ్చిమిర్చి, దొరికితే వెదురు కొమ్ములు వేసి వేయిస్తారు. మనం గోంగూరని ఉడకబెట్టి ఎనుపుతాం, వాళ్లు నూనెలో మగ్గనిచ్చి ఆకు ఆకుగా వదిలేస్తారు. నూనె కూడా వేరుశెనగ నూనె. కూర అయిందో లేదో చూసే గుర్తు కూడా మనదే. నీరంతా ఇగిరి నూనె పైకి తేలాలి. దానికి వాళ్ల మాట సీ ప్యాన్, అంటే నూనె తిరిగి వచ్చింది అని.

అత్తగారికి: షాన్ టోఫు. పన్నీరులాంటి గడ్డే గానీ, మామూలు టోఫులాగా సోయా ఏమీ లేదు, సెనగపిండితో. ఒక కప్పు పిండి, ఒక కప్పు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి వడకట్టాలి. ఇంకో రెండు కప్పుల నీళ్లలో పసుపు, ఉప్పు వేసి మరిగించి, పిండి నీళ్లు పోస్తూ చెయ్యి ఆపకుండా తిప్పాలి. ఏడెనిమిది నిమిషాలకి మెరుపు వస్తుంది. పళ్లెంలో పోసి నాలుగు గంటలు వదిలేస్తే గడ్డకడుతుంది. ముక్కలు కోసి వేయించుకోవచ్చు, లేదా చింతపండు రసం, వేయించిన వెల్లుల్లి, పల్లీ పొడి, కొత్తిమీరతో చేత్తో కలిపి తినొచ్చు.

మావారికి అన్నారు కదా, ఆయనకి బలచౌంగ్. ఎండు రొయ్యల పొడి, వేయించిన ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి. అన్నంలోకి పొడిలాంటిది. సీసాడు చేస్తే నెల.

కొత్తగా కొనాల్సిన సీసాలు: ఫిష్ సాస్ ఒకటి, ఆ తర్వాత ధైర్యం వస్తే రొయ్యల ముద్ద. దాని పేరు ఙపి. చిన్నప్పుడు అక్షరమాలలో దిద్దిన ఙ కి జీవితంలో మొదటిసారి పని దొరికింది చూశారా.

పెసర_పునుగు
జూన్ 10, మధ్యాహ్నం 12:30

గోంగూర, ఎండు రొయ్యలు, సెనగపిండి, పల్లీ నూనె. దీన్ని విదేశీ వంట అంటారా? ఇది మా అమలాపురం మెనూ. ఏడాది కష్టపడి ఇంటికే తిరిగొచ్చినట్టు.

వాల్తేరు_గాలి
జూన్ 10, మధ్యాహ్నం 2:10

సరుకు మనదే, చెయ్యి మనది కాదు. పోపు ఉండదు. ఆవాలు చిటపటమనవు. ధనియాల పొడి, జీలకర్ర పొడి చాలా కూరల్లో లేనే లేవు. ఉల్లి, వెల్లుల్లి, అల్లం, మిర్చి నూరిన ముద్ద, పసుపు, వాటి మీదే నడుస్తుంది. మనం రుచి అంతా గిన్నెలో తేల్చేస్తాం, వాళ్లు కలిపేటప్పుడు తేలుస్తారు. పచ్చి అల్లం సన్నగా తరిగి, వేయించిన పప్పులు, నువ్వులు, నిమ్మరసం, ఉల్లి వేయించిన నూనె, వేయించిన సెనగపిండి చల్లి వేళ్లతో కలుపుతారు. ఎన్ని ఆకులతో, ఎన్ని కాయలతో చేస్తారో, అన్నీ ఇలాగే. పేరు చివర తౌక్ అని ఉంటుంది, కలపడం అని. మొదటి నెల మీ చెయ్యి ఊరికే పోపు డబ్బా మీదకి వెళ్తుంటుంది, దాన్ని ఆపడమే చదువు.

అల్లంబెల్లం
జూన్ 10, సాయంత్రం 5:05

బర్మా బాగుంది గానీ ఇథియోపియాని తలవకుండా దారం మూసేయకండి. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలూ, ఇంకా పెద్ద ఉపవాసాల్లోనూ మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుకని ఉపవాసం వంటలే ఒక ప్రపంచం. ఎర్ర కందిపప్పు, అదే మసూర్, దాన్ని బెర్బెరే కారంతో ఉడికిస్తే మిసిర్ వొత్. సెనగపిండితో షిరో. ఉల్లిపాయని ముందు నూనె లేకుండా ఉత్త గిన్నెలో మగ్గిస్తారు, అది మనం ఎప్పుడూ చెయ్యం. ఇంజెరా టెఫ్ అనే చిరుధాన్యం పిండిది, రెండు మూడు రోజులు పులియబెట్టి ఒక వైపే కాల్చే అట్టు. టెఫ్ లేక నేను రాగిపిండితో పోస్తున్నాను. తప్పు అంటారు గానీ రాగులు కూడా ఆ కొండలవైపు నుంచి వచ్చినవే కదా, చుట్టరికం ఉంది.

నిర్వాహకుడు
జూన్ 10, రాత్రి 9:00

అరబ్బుల మండీ అన్నం విదేశీయా, హైదరాబాద్ బార్కస్ వాళ్లదా అన్న వాదన 14 పోస్టులు అయ్యాక వేరే దారానికి మార్చాను. అందరూ ఆకలితో ఉన్నట్టున్నారు, భోంచేసి రండి.

కూకట్‌పల్లి_కోడలు
జూన్ 12, రాత్రి 10:30

పప్పుగుత్తి గారి లెక్క వేశాను. కొత్త సీసాలు, అత్తయ్యగారికి విడిగా వండే పూటలు, ఈ వరుసలో: ఇటలీ 5, 2. కొరియా 6, 1. థాయ్ 5, 3 (తులసి కోట లెక్కలోకి తీసుకోలేదు). మెక్సికో సీసాలు 1 గానీ ఆ సున్నం పని చదివాక నీరసం వచ్చింది, మల్లన్న గారు ఏమీ అనుకోవద్దు. ఇథియోపియా 2, 0, ఇదే గట్టి పోటీ, కానీ మావారి రొయ్యలకి చోటు కనిపించలేదు. బర్మా 1, 1.

బర్మా మొదలు. అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. నెలకోసారి కిమ్చి పెట్టుకునే హక్కు ఇచ్చి సంధి చేసుకున్నాం.

కూకట్‌పల్లి_కోడలు
జులై 19, రాత్రి 9:15

ఐదు వారాలైంది. చెప్పుకోవాల్సినవి ఉన్నాయి.

గోంగూర వేపుడు మొదటిసారే కుదిరింది, కుదిరిందని నాకు నమ్మకం కలగడానికే మూడుసార్లు పట్టింది. ఎనపకుండా వదిలేయడం నా వల్ల కాలేదు, చెయ్యి గరిట మీదకి పోతూనే ఉంది. అత్తయ్యగారికి రొయ్యలు లేకుండా తీసి పెట్టాను. "పోపు మర్చిపోయావు" అన్నారు. బర్మాలో పెట్టరండీ అన్నాను. "పాపం, ఆవాలు దొరకవేమో" అన్నారు.

షాన్ టోఫు మాత్రం ఘోరం. నీళ్లు ఎక్కువైనట్టున్నాయి, కప్పుకి ఐదు పడ్డాయేమో. రాత్రంతా ఉంచినా గడ్డకట్టలేదు. పొద్దున్న చూస్తే పసుపు రంగు జారుడు ముద్ద. పారబోసేలోపు అత్తయ్యగారు వేలితో రుచి చూసి, "బొంబాయి చట్నీ ఇంత చిక్కగా చేశావేం, పూరీలేవీ?" అన్నారు. ఏం చేయను, పూరీలు వేశాను. ఇది అపజయం కింద రాసుకోవాలా?

వాల్తేరు_గాలి
జులై 19, రాత్రి 10:02

అక్కా, రాసుకోవద్దు. ఆ గడ్డకట్టని ముద్దకి షాన్ రాష్ట్రంలో పేరే ఉంది, టోహు న్వే, వెచ్చటి టోఫు. ఉడికించిన బియ్యం నూడుల్స్ మీద అలా వేడివేడిగా పోసి, పైన మిర్చి నూనె, పల్లీలు, కొత్తిమీర వేసి పొద్దున్నే తింటారు. మీరు పూరీలతో తిన్నారు, అంతే తేడా. ఈసారి కావాలనే చెయ్యండి, నూడుల్స్ ముందే ఉడికించి పెట్టుకోండి. గడ్డ కావాలంటే మాత్రం కప్పుకి మొత్తం మూడు కప్పుల నీళ్లు దాటొద్దు.

పెసర_పునుగు
జులై 19, రాత్రి 10:20

బొంబాయి చట్నీ పేరుతో బర్మా వంట. మా అమలాపురం అని అన్నందుకు క్షమించండి, నేనూ ఈ ఆదివారం చేస్తున్నాను.

కూకట్‌పల్లి_కోడలు
జులై 20, ఉదయం 7:05

న్వే పొద్దున్నే చేశాను. అమ్మాయి రెండోసారి పెట్టించుకుంది, పైన కిమ్చి వేసుకుని తింది, అది ఏ దేశమో నాకు తెలీదు.

ఇప్పుడు మొహింగాకి, అదే బర్మా వాళ్ల చేప పులుసు నూడుల్స్‌కి, వద్దామనుకుంటున్నాను. చేప పులుసులో నిమ్మగడ్డి, సెనగపిండి, అరటి దూట అని చదివాను. చందానగర్ చేపల మార్కెట్లో మార్పు చేప దొరికింది. రెండు అనుమానాలు. దూట నల్లబడకుండా ఎలా? అత్తయ్యగారికి ఇందులో దారి ఉందా? ఇంకోటి, నిన్న ధైర్యం చేసి ఙపి కూడా తెప్పించాను.

వాల్తేరు_గాలి
జులై 20, ఉదయం 8:40

దూట చక్రాలుగా కోస్తూ, వేలికి పీచు చుట్టి తీసేస్తూ, పల్చటి మజ్జిగలో వేసెయ్యండి, మీ అమ్మమ్మగారు చేసినట్టే. అత్తగారికి ఉల్లి, అల్లం, నిమ్మగడ్డి, దూట, వేయించిన సెనగపిండి నీళ్లతో విడిగా ఒక గిన్నె కాచండి, చేప గరిట అందులో పెట్టకండి. పైన సొరకాయ బజ్జీ విరిచి వేస్తే ఆవిడ వంక పెట్టలేరు. బర్మాలో కూడా సొరకాయ బజ్జీ వేసుకుంటారు.

ఙపి సీసా మూత బిగించి, రెండు కవర్లలో ముడేసి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. మా నానమ్మ పెరట్లో పెట్టేది. ఫ్లాట్‌లో అయితే వేయించే ముందు పక్కింటివాళ్లకి చెప్పడం మంచిది.